ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్: గంటన్నరకే కణతలు నొప్పి, వయొలిన్ మసకగా వినిపిస్తోంది. ముందు ఏది మార్చాలి?

శ్రుతిపెట్టె | రాజమహేంద్రవరం | శనివారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. నేను వయొలిన్ టీచర్ని. న్యూజెర్సీలోనూ డాలస్‌లోనూ ఉన్న మన పిల్లలకి శని, ఆదివారాలు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతాను. ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెడితే ఏడున్నర దాకా వరసగా నాలుగు క్లాసులు. అప్పటికి వాళ్లకి ముందురోజు సాయంత్రం.

మూడేళ్ల కిందట తెలిసినవాళ్ల దగ్గర సెన్‌హైజర్ హెచ్‌డీ 600 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఓపెన్ బ్యాక్, అంటే డొప్పల వెనక జాలీ తెరిచి ఉండే రకం, ఎందుకంటే, చెవులు పూర్తిగా మూసేసే రకం పెట్టుకుంటే నా గొంతు నాకే కుండలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. నా వయొలిన్ సరిగ్గా వినపడదు, వేలు ఎక్కడ పడుతోందో తెలియదు. దీంట్లో అయితే పిల్లవాడి వాయిద్యం, నా వాయిద్యం రెండూ ఒకే గదిలో ఉన్నట్టుంటాయి.

కొన్నాళ్లుగా రెండు ఇబ్బందులు. ఒకటి, గంటన్నర దాటగానే రెండు కణతలూ, చెవి పైభాగమూ నొప్పి పుడుతున్నాయి. నాకు కళ్లద్దాలు ఉన్నాయి. రెండు, శబ్దం మునుపటిలా లేదు. పిల్లలు గమకం వేస్తే స్వరం ఊగుతోందో జారుతోందో గుర్తుపట్టలేకపోతున్నాను. వైరు నేరుగా లాప్‌టాప్‌కే పెడతాను, వేరే పెట్టె ఏదీ లేదు. యాంప్లిఫయర్ కొనమని ఒకరు, కొత్త హెడ్‌ఫోన్సే కొనమని ఇంకొకరు అంటున్నారు. ఉన్నదాన్నే బాగుచేసుకునే దారి ఉందా?


నల్లకుంట రేడియో | హైదరాబాద్ | శనివారం, ఉదయం 11:05

అమ్మా, నొప్పికి పాత వైద్యం ఒకటి ఉంది. మీ తల కంటే కొంచెం వెడల్పుగా పుస్తకాలు పేర్చి, హెడ్‌ఫోన్స్‌ని వాటికి తొడిగి రాత్రంతా వదిలేయండి. పట్టు సడలుతుంది. హెచ్‌డీ 600 కొత్తలో గట్టిగానే పట్టుకుంటుంది. నేను రెండు రాత్రులు అలా పెట్టాక నాకు హాయిగా ఉంది.


సోల్డర్ పొగ | విజయవాడ | శనివారం, ఉదయం 11:48

టీచర్ గారూ, పుస్తకాల పని ఇప్పుడే చేయకండి. ముందు నేను అడిగినవి చూసి చెప్పండి.

1. ఇయర్‌ప్యాడ్స్ ఎప్పటివి? కొన్నాక ఎప్పుడైనా మార్చారా?
2. ప్యాడ్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలేయండి. వెంటనే పైకి లేస్తోందా, గుంట అలాగే ఉండిపోతోందా?
3. పెట్టుకున్నప్పుడు మీ చెవి డొప్ప లోపలి పల్చని స్పాంజికి తగులుతోందా?
4. వాయించేటప్పుడు తల ఎలా ఉంటుంది?

నాలుగోది ఎందుకంటే, మన కర్ణాటక పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి, ముందుకి వంగి వాయిస్తారు కదా. పట్టు వదులు చేసేస్తే మీరు తల వంచిన ప్రతిసారీ హెడ్‌ఫోన్స్ ముందుకి జారతాయి. సోఫాలో వెనక్కి వాలి పాటలు వినేవాళ్ల లెక్క వేరు, మీ లెక్క వేరు.


శ్రుతిపెట్టె | శనివారం, మధ్యాహ్నం 1:20

మీరడిగినవన్నీ చూశాను. ప్యాడ్స్ నేనెప్పుడూ మార్చలేదు, ముందు యజమాని మార్చారో లేదో తెలియదు. వేలితో నొక్కితే అప్పడంలా ఉండిపోతోంది, పైకి లేవడమే లేదు. స్కేలు పెట్టి చూస్తే చెవి వెనక వైపు ప్యాడ్ మందం ఒక సెంటీమీటరు కూడా లేదు. చెవి లోపలి స్పాంజికి తగులుతోంది, ఎడమవైపు ఎక్కువగా. ఆ స్పాంజిని ముట్టుకుంటే వేలికి నల్లటి పొడి అంటింది.

తల సంగతి మీరు చెప్పినట్టే. వాయించి చూపించేటప్పుడు వంగుతాను, తర్వాత తలెత్తి స్క్రీన్ చూస్తాను. గంటలో యాభైసార్లయినా ఇలా జరుగుతుంది.


సోల్డర్ పొగ | శనివారం, మధ్యాహ్నం 2:35

సగం జవాబు అక్కడే దొరికింది. మీ నొప్పికీ మసకకీ కారణం ఒక్కటే అయ్యే అవకాశం చాలా ఉంది.

ఇయర్‌ప్యాడ్‌ని చాలామంది దిండులా చూస్తారు, మెత్తగా ఉంటే చాలనుకుంటారు. నిజానికి అది శబ్దంలో భాగం. డ్రైవర్‌కీ (డొప్పలో శబ్దం పుట్టించే భాగం) చెవికీ మధ్య ఎంత దూరం ఉండాలి, ఆ మధ్యలో ఎంత గాలి ఉండాలి, పక్కల నుంచి ఎంత గాలి బయటికి పోవాలి, ఇవన్నీ ప్యాడే నిర్ణయిస్తుంది. తయారుచేసినవాళ్లు శబ్దాన్ని సరిచూసుకున్నది కొత్త ప్యాడ్ మందంతోనే. అది అణిగిపోతే డ్రైవర్ చెవిని ఆనుకుంటుంది. కింది స్వరాలు ముందుకొస్తాయి, పైస్వరాల్లో ఎగుడుదిగుళ్లు పడతాయి. ఈ మార్పు నెలల మీద మెల్లగా జరుగుతుంది కాబట్టి రోజూ వినేవాళ్లు పసిగట్టలేరు.

ఇక నొప్పి. కొత్త ప్యాడ్ చెవి చుట్టూ వలయమంతా సమానంగా ఆనుతుంది. అణిగిన ప్యాడ్‌లో స్పాంజి లేదు కాబట్టి ఆ బరువంతా కింద ఎముక ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ పడుతుంది. మీ విషయంలో అది కళ్లద్దాల కాడ. మెత్తదనం ఉన్నప్పుడు కాడ స్పాంజిలోకి దిగబడేది. ఇప్పుడు దిగడానికి చోటు లేక మీ కణతలోకి దిగుతోంది.

మీ అదృష్టం ఏమిటంటే, హెచ్‌డీ 600 వచ్చింది 1997లో అయినా విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. హెచ్‌డీ 580, 600, 650 మూడింటికీ ఒకే ప్యాడ్ సరిపోతుంది. కంపెనీ ప్యాడ్సే తీసుకోండి. వాటితోపాటు డ్రైవర్ ముందుండే గుండ్రటి స్పాంజి బిళ్లలు కూడా తీసుకోండి. ఆ పొడి రాలుతున్నవి ఇక పెట్టుకోకండి.

మార్చడం తేలిక. ప్యాడ్ అంచు కింద వేళ్లు దూర్చి సమంగా బయటికి లాగితే ప్లాస్టిక్ రింగుతో సహా ఊడి వస్తుంది. కొత్తది పెట్టి చుట్టూ నొక్కుకుంటూ రండి, టిక్ టిక్‌మని కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపకండి. కింద డ్రైవర్ ఉంటుంది, చెయ్యి జారితే అంతే.


తడి గాలి | విశాఖపట్నం | శనివారం, సాయంత్రం 6:10

ఆ నల్ల పొడి గురించి ఒక మాట. స్పాంజి అంటే పాలీయురేథేన్. గాలిలో తేమ దాన్ని లోపలి నుంచి విరగ్గొడుతుంది. ముందు జిగటగా అవుతుంది, తర్వాత పొడి రాలుతుంది. మన కోస్తా గాలికి ఇది త్వరగా జరుగుతుంది. చెమట పట్టిన హెడ్‌ఫోన్స్‌ని వెంటనే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఇంకా త్వరగా. క్లాసు అయ్యాక అరగంట ఫ్యాన్ కింద పెట్టి, తర్వాతే డబ్బాలో పెట్టండి.

రెండోది తలనూనె. నేను కొబ్బరినూనె రాసుకుంటాను, మానేది లేదు. మఖమల్ గుడ్డ ప్యాడ్ ఆ నూనెని పీల్చుకుని గట్టిపడుతుంది, వెంట్రుకల పక్కనున్న భాగం నల్లగా మెరుస్తుంది. రెండు నెలలకోసారి ప్యాడ్స్ ఊడదీసి, లోపలి స్పాంజి బిళ్లలు పక్కనపెట్టి, గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కలు పిల్లల షాంపూ వేసి, అరచేతుల మధ్య నొక్కుతూ కడుగుతాను. బట్టలు పిండినట్టు మెలితిప్పకూడదు, రింగు వంకరపోతుంది. తువ్వాలులో పెట్టి అదిమితే నీళ్లు పోతాయి. తర్వాత నీడలో, ఫ్యాన్ కింద రోజున్నర. పైన పొడిగా ఉన్నా లోపల తడి ఉంటుంది, తొందరపడి తొడగొద్దు. హెయిర్ డ్రయర్ వద్దు, ఎండలో వద్దు.


కమాను కాదు కంచుకం | బెంగళూరు | శనివారం, రాత్రి 9:15

నాది వేరే అభిప్రాయం. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని, అంటే కరెంటుకి అంత ఎక్కువ అడ్డు ఉన్నదాన్ని, లాప్‌టాప్‌కి నేరుగా పెట్టారంటే మసకగా ఉండక ఏమవుతుంది? నేను మంచి యాంప్ కొన్న రోజు నుంచి నా హెచ్‌డీ 650 తెర తీసేసినట్టు పాడుతోంది. ముందు యాంప్, తర్వాతే ప్యాడ్స్.


సోల్డర్ పొగ | శనివారం, రాత్రి 10:02

తమ్ముడూ, నీ అనుభవాన్ని కాదనను, కానీ టీచర్ గారి డబ్బు కాబట్టి లెక్క చూద్దాం.

హెచ్‌డీ 600కి ఒక వోల్టు ఇస్తే 97 డెసిబెల్స్ వస్తుందని కంపెనీ లెక్క. ఒక వోల్టుకి 300 ఓమ్‌లంటే మూడు మిల్లీవాట్ల పైచిలుకు, అంతే. పాఠం వినడానికి 75 డెసిబెల్స్ చాలనుకుందాం. దానికి ఒక వోల్టులో పదో వంతు కూడా అక్కర్లేదు. లాప్‌టాప్ అది సులువుగా ఇస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రాని చాలా హెచ్చులో వినేవాడికి యాంప్ కావాలి, అది నిజం.

రెండోది ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే శబ్దం పంపే పరికరంలోనే కరెంటుకి ఉండే అడ్డు. హెచ్‌డీ 600కి 300 అని రాసినా, 100 హెర్ట్జ్ దగ్గర అది 500 ఓమ్‌లు దాటుతుంది. 120 ఓమ్‌ల ఔట్‌పుట్ ఉన్న పాత పెట్టెకి తగిలిస్తే ఆ బాస్ భాగం ఇంచుమించు ఒక డెసిబెల్ పైకి లేస్తుంది. లాప్‌టాప్‌ల ఔట్‌పుట్ ఇంపీడెన్స్ మామూలుగా దానికంటే చాలా తక్కువ. కాబట్టి టీచర్ గారు చెప్పే మసక అక్కడినుంచి వచ్చేది కాదు.

ఇంకొకటి. రెండు పరికరాలు పోల్చేటప్పుడు శబ్దం సమంగా పెట్టకపోతే, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మనకి స్పష్టంగా, నిండుగా అనిపిస్తుంది. మీటరు పెట్టి సమం చేసి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లోవాళ్ల చేత మార్పించి విను. అప్పటికీ తేడా తెలిస్తే నిజంగా ఉన్నట్టే, నేను ఒప్పుకుంటాను.


కమాను కాదు కంచుకం | ఆదివారం, ఉదయం 8:30

సమం చేసి వినలేదు, నిజమే. వచ్చే వారం చేసి ఇక్కడే రాస్తాను. లెక్క చూశాక టీచర్ గారికి ముందు ప్యాడ్సే అని నేనూ ఒప్పుకుంటున్నాను.


వెన్నెల వాకిలి | న్యూజెర్సీ | ఆదివారం, ఉదయం 9:12

నమస్తే అండీ. మా పాప కూడా ఆన్‌లైన్‌లోనే వయొలిన్ నేర్చుకుంటోంది, వేరే గురువుగారి దగ్గర. ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. మీకు మసకగా వినిపించేది పిల్లల వాయిద్యం ఒక్కటేనా, లేక మీరు విడిగా కచేరీ రికార్డింగ్ వింటే అది కూడానా?

ఎందుకంటే వీడియో కాల్ యాప్‌లు మాట కోసం తయారైనవి. ఆగకుండా సాగే శబ్దాన్ని ఫ్యాన్ హోరు లాంటిది అనుకుని తగ్గించేస్తాయి. వయొలిన్ మీద పొడుగ్గా లాగిన స్వరం వాటికి అలాగే వినిపిస్తుంది. మా పాప షడ్జం పట్టి నిలబెడితే రెండు సెకన్ల తర్వాత గురువుగారికి మాయమయ్యేది. ఆవిడ కమాను ఆపేశావేం అంటారు, ఇది ఆపలేదని ఏడుపు. వారాల తరబడి ఇదే గొడవ.

జూమ్‌లో అయితే సంగీతం వాయించేవాళ్ల కోసం ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజిషియన్స్’ అని ఆడియో సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది మీ దగ్గర పెడితే సరిపోదు, వాయించే పిల్లల దగ్గర పెట్టాలి. వాళ్ల శబ్దం అక్కడే కోతపడి మీకు వస్తోంది.


సోల్డర్ పొగ | ఆదివారం, ఉదయం 9:40

చాలా మంచి ప్రశ్న అండీ, నాకు తట్టాల్సింది. టీచర్ గారూ, ప్యాడ్స్ వచ్చేలోపు ఈ పరీక్ష చేయండి. మీకు బాగా తెలిసిన వయొలిన్ రికార్డింగ్ ఒకటి అదే లాప్‌టాప్‌లో, అదే హెడ్‌ఫోన్స్‌తో వినండి. అదీ మసకగా ఉంటే హెడ్‌ఫోన్స్. కాల్‌లో మాత్రమే అయితే కాల్. రెండూ అయితే రెండూ.


శ్రుతిపెట్టె | ఆదివారం, మధ్యాహ్నం 12:15

రెండూనండీ. కచేరీ రికార్డింగ్ పెట్టాను. వయొలిన్ పక్కగదిలో ఉన్నట్టుంది, మృదంగం ఎడమవైపు తొప్పి మాత్రం బరువుగా, ఉబ్బినట్టు ఉంది. అయినా గమకం తెలుస్తోంది. కాల్‌లో అయితే గమకం అంచులే లేవు. అంటే నేను పిల్లలని “స్వరం తేలిపోతోంది, మళ్లీ వాయించు” అన్న సార్లలో కొన్నిసార్లు వాళ్లు సరిగ్గానే వాయించి ఉంటారు. ఈ మాట తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంది. ఇవాళే తల్లిదండ్రులందరికీ మెసేజ్ పెడుతున్నాను. ప్యాడ్స్ కూడా ఆర్డర్ చేశాను.


కళ్లద్దాల కాడ | వరంగల్ | ఆదివారం, మధ్యాహ్నం 3:50

పదిహేనేళ్లుగా కళ్లద్దాలతో హెడ్‌ఫోన్స్ వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను. మీ ఫ్రేము కాడ ఎంత మందం? చెవుల దగ్గర వెడల్పాటి ప్లాస్టిక్ కాడలుంటే కొత్త ప్యాడ్స్‌తో కూడా మూడో గంటకి నొప్పి వస్తుంది. సన్నని తీగ లాంటి మెటల్ కాడలున్న జత ఒకటి క్లాసుల కోసమే పెట్టుకోండి. పాత పవరు అద్దాలైనా స్క్రీన్ చూడడానికి చాలు.

ఇంకో చిన్న పద్ధతి. కళ్లద్దాలు ముందు పెట్టుకుని వాటిమీద హెడ్‌ఫోన్స్ బిగించకండి. హెడ్‌ఫోన్స్ ముందు పెట్టుకుని, తర్వాత కాడల్ని ప్యాడ్ కింద నుంచి మెల్లగా తోయండి. చెవి పైన కాస్త ఎత్తులో ఆగుతాయి. జుట్టు కూడా ప్యాడ్ కింద ఇరుక్కోదు.

శబ్దం విషయానికొస్తే, ఓపెన్ బ్యాక్ ప్లేనార్ రకాల్లో (డ్రైవర్ పల్చని చదునైన పొరలా ఉండేవి) కాడ సందులోంచి గాలి పోతే బాగా కింది బాస్ తగ్గిపోతుంది. నా హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్ఈలో అద్దాలు తీసి వింటే ఆ తేడా తెలుస్తుంది. మీ హెచ్‌డీ 600లో ఎలాగూ ఆ లోతు బాస్ తక్కువే, వయొలిన్‌కి అది అవసరమూ లేదు. అన్నట్టు నా హెడ్‌ఫోన్స్ 390 గ్రాములు, మీది 260. మెడ సంగతిలో మీరు నయం.


గడప దాటని గాలి | కర్నూలు | ఆదివారం, సాయంత్రం 7:25

కొత్త ప్యాడ్స్ కొనేటప్పుడు రెక్సిన్‌వి తీసుకుంటే నూనె అంటదు, తుడిస్తే పోతుంది కదా? నా దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఉంది, దానికి కూడా అలా మారుద్దామని చూస్తున్నాను. దాంట్లో స, శ అక్షరాలు కొంచెం ఎక్కువ పదునుగా అనిపిస్తాయి, దానికీ ఏమైనా చెప్పండి.


సోల్డర్ పొగ | ఆదివారం, రాత్రి 8:45

వద్దు. మఖమల్ గుడ్డలోంచి గాలి కొంత పోతుంది, రెక్సిన్‌లోంచి పోదు. ఓపెన్ బ్యాక్‌లో ఆ పోయే గాలిని లెక్కవేసుకునే శబ్దాన్ని దిద్దుతారు. రెక్సిన్ వేస్తే బాస్ ఉబ్బుతుంది, మధ్యస్వరాలు వంకర తిరుగుతాయి, పైగా మే నెలలో చెవులు ఉడికిపోతాయి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో పేరు తెలియని అమ్మకందారు దగ్గర లావుపాటి మెమరీ ఫోమ్ రెక్సిన్ ప్యాడ్స్ కొన్నాను. మెత్తగా దూది పరుపులా ఉన్నాయి. పాట పెడితే గాయకుడు పది అడుగులు వెనక్కి వెళ్లిపోయాడు. వారం ఓర్చుకుని తీసేశాను.

మీ పదును సంగతి. డీటీ 990 ప్రో స్వభావమే అది, 8 కిలోహెర్ట్జ్ చుట్టూ ఎత్తుగా ఉంటుంది. కొందరికి ఆ మెరుపే ఇష్టం. ముందు ఈక్వలైజర్‌తో ఆ చోట నాలుగైదు డెసిబెల్స్ తగ్గించి చూడండి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. తలలు, చెవులు అందరివీ ఒకలా ఉండవు కాబట్టి ఆ శిఖరం మీకు 7 దగ్గరో 9 దగ్గరో తగలొచ్చు, సన్నటి బ్యాండ్‌ని అటూఇటూ జరుపుతూ వెతకండి. వస్తువుని ముట్టుకోకుండా జరిగే మార్పు ఇది, నచ్చకపోతే ఒక్క క్లిక్‌తో పోతుంది.

అదీ కాదంటే ప్యాడ్ కింద, డ్రైవర్ ముందు పల్చని టిష్యూ కాగితం గుండ్రంగా కత్తిరించి పెట్టేవాళ్లున్నారు. ఒక పొరతో మొదలుపెట్టండి, పదును కొంచెం తగ్గుతుంది. వెనక జాలీ మీద మాత్రం టేపు గానీ గుడ్డ గానీ అంటించకండి. అది తెరిచి ఉంటేనే ఓపెన్ బ్యాక్.


నల్లకుంట రేడియో | ఆదివారం, రాత్రి 9:30

ఈ ప్యాడ్ మార్పులు ఈనాటివి కావు. మొదటి ఓపెన్ హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 414, 1968లో వచ్చింది. దాని పసుపుపచ్చ స్పాంజి ప్యాడ్స్ చూడగానే గుర్తుపడతారు. బ్రూక్లిన్‌లో తయారయ్యే గ్రాడో హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లు ఆ పసుపు ప్యాడ్స్ తెచ్చి, మధ్యలో అమెరికా పావు డాలరు నాణెం అంత, అంటే సుమారు 24 మిల్లీమీటర్ల కన్నం కత్తిరించి తగిలించేవారు. కన్నం లేకపోతే పైస్వరాలు స్పాంజిలో ఇంకిపోతాయి, కన్నం పెడితే విచ్చుకుంటాయి. ఒక కంపెనీ ప్యాడ్, ఇంకో కంపెనీ డ్రైవర్, మధ్యలో కత్తెర. చెవికీ డ్రైవర్‌కీ మధ్య ఏముందన్నదే శబ్దం అని సోల్డర్ పొగ గారన్న మాట అక్కడా నిజమే.

టీచరమ్మా, నేను పుస్తకాలు పేర్చమన్నది మీరు వంగి వాయిస్తారని ఆలోచించకుండా. కొత్త ప్యాడ్స్ వచ్చాక, అప్పటికీ పట్టు ఎక్కువనిపిస్తేనే చూడండి. అప్పుడు కూడా పుస్తకాలు కాదు, చేత్తో. హెడ్‌బ్యాండ్‌ని రెండువైపులా పూర్తిగా పొడిగిస్తే లోపలి లోహపు పట్టీ బయటికి కనిపిస్తుంది. ఆ లోహాన్నే పట్టుకుని కొద్దిగా నిటారు చేయాలి. ప్లాస్టిక్ మీద బలం పడితే పగులుతుంది. ఒకసారికి కొంచెం, పెట్టుకుని ఒక రోజు చూడండి, తర్వాత ఇంకొంచెం.


తడి గాలి | సోమవారం, ఉదయం 7:05

నడినెత్తి మీద కూడా నొప్పి వస్తే హెడ్‌బ్యాండ్ మరీ పొట్టిగా పెట్టుకున్నారేమో చూడండి. రెండువైపులా ఎన్ని క్లిక్కులు లాగారో లెక్కపెట్టి సమంగా ఉంచండి. ఒక క్లిక్కు తేడా ఉన్నా డొప్ప వాలుగా కూర్చుని, ఒకవైపు చెవి పైన, ఇంకోవైపు చెవి కింద నొక్కుతుంది. మీరు ఎడమ చెవి ఎక్కువ తగులుతోందన్నారు కదా.

ఇంకో మాట, పాఠం చెప్పేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటారా? ఓపెన్ బ్యాక్ బయటి శబ్దాన్ని ఆపదు. ఫ్యాన్ హోరు మీద వినపడాలని తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగమవుతాయి. మీ వయొలిన్ కూడా మీ చెవికి దగ్గరే మోగుతుంది కాబట్టి ఆ శబ్దాన్నీ కలుపుకోవాలి. టేబుల్ ఫ్యాన్ దూరంగా, కాళ్లవైపు పెట్టుకోండి.


శ్రుతిపెట్టె | మరుసటి ఆదివారం, ఉదయం 9:05

ఇవాళ్టి క్లాసులు ఇప్పుడే అయ్యాయి. వరసగా చెబుతాను.

ప్యాడ్స్ గురువారం వచ్చాయి. పాతవీ కొత్తవీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానిమీద నా చెవి వెనక ఎముక ఆకారం అచ్చుపడి ఉంది, కొత్తది దానికి రెట్టింపు పైన ఎత్తుంది. ముందు కుడివైపు ఒక్కటే మార్చి, తంబురా శ్రుతి పెట్టి, ఒకే శబ్దాన్ని రెండు చెవులతో మార్చిమార్చి విన్నాను. ఎడమవైపు నాలుగు తీగలు కలిసిపోయి ఒకే గుంయ్‌మనే మోత. కుడివైపు ప్రతి తీగా మీటిన క్షణం విడిగా తెలిసింది, పంచమం వెనకాల సన్నగా మెరిసేది కూడా వినిపించింది. మూడేళ్లలో అది ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు. నేను రోజూ శ్రుతి చూసుకునే మనిషిని!

ఎడమ కుడి క్లిక్కులు చూస్తే తడి గాలి గారన్నట్టే ఒకవైపు నాలుగు, ఒకవైపు ఐదు. సమం చేశాను. పట్టు మొదటి రోజు కొంచెం గట్టిగా అనిపించింది. రెండో రోజు లోహపు పట్టీని చాలా కొద్దిగా సాగదీశాను. ఆ మరునాడు క్లాసులో వంగినప్పుడు ముందుకి జారబోయింది, వెంటనే తిరిగి కొంచెం లోపలికి వంచి, హెడ్‌బ్యాండ్‌ని ఒక క్లిక్కు తగ్గించాను. ఇప్పుడు వంగినా కదలడం లేదు. పాత మెటల్ కాడల అద్దాలు పెట్టుకుంటున్నాను.

ఇక పిల్లలు. నలుగురిలో ముగ్గురి ఇళ్లలో సెట్టింగ్ మార్చారు. డాలస్‌లో ఒక పాప తోడిలో గాంధారం వాయించింది. మూడు వారాలుగా నేను సరిదిద్దుతున్న గాంధారం అది. అది సరిగ్గానే ఉంది, ఊపు ఎంత ఉండాలో అంతే ఉంది. ఆ పాపకి మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పాను. వాళ్లమ్మ పక్కనే ఉండి విన్నారు.

కానీ ఒక కొత్త చిక్కు. అది ఆన్ చేశాక ఒక పిల్లవాడికి తన వాయిద్యం తనకే అర సెకను ఆలస్యంగా తిరిగి వినిపిస్తోందట.


వెన్నెల వాకిలి | ఆదివారం, ఉదయం 9:30

క్షమాపణ చెప్పారా! మా పాపకి చదివి వినిపించాను.

ఆ ప్రతిధ్వని మీవైపు నుంచి వెళ్తోంది అనుకుంటాను. మీ దగ్గర కూడా ఒరిజినల్ సౌండ్ ఆన్ చేశారా? దానితోపాటు ఎకో క్యాన్సిలేషన్ ఆగిపోయి ఉంటే, మీ ఓపెన్ బ్యాక్‌లోంచి బయటికి వచ్చే పిల్లవాడి శబ్దాన్ని మీ మైకు పట్టుకుని తిరిగి పంపుతుంది. అక్కడే విడిగా ఎకో క్యాన్సిలేషన్ ఎంపిక ఉంటుంది, మీవైపు దాన్ని మాత్రం ఆన్‌లో ఉంచండి. మైకు ఎక్కడ పెట్టారు?


శ్రుతిపెట్టె | ఆదివారం, ఉదయం 9:48

మైకు స్టాండు నా ముఖం ఎదురుగానే ఉంది, హెడ్‌ఫోన్స్‌కి జానెడు దూరం. ఇప్పుడే కిందికి దించి వయొలిన్ పొట్టవైపు తిప్పాను. ఆ ఎంపిక కూడా కనిపించింది, పెట్టాను. వచ్చే శనివారం చూసి చెబుతాను.


కమాను కాదు కంచుకం | ఆదివారం, మధ్యాహ్నం 1:10

మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. మీటరుతో శబ్దం సమం చేసి, చెల్లి చేత పన్నెండుసార్లు మార్పించి విన్నాను. లాప్‌టాప్ ఏదో యాంప్ ఏదో ఏడుసార్లు సరిగ్గా చెప్పాను, ఐదుసార్లు తప్పు. ఊహించి చెప్పినా అన్ని వస్తాయి. యాంప్ ఉంచుకుంటాను, దాని వాల్యూమ్ నాబ్ చేతికి బాగుంటుంది, హెచ్చులో వినేటప్పుడు పనికొస్తుంది. నా 650 ప్యాడ్స్ కూడా నొక్కి చూశాను. లేవడం లేదు. ఆర్డర్ పెట్టాను.


శ్రుతిపెట్టె | శనివారం, ఉదయం 7:50

ప్రతిధ్వని పోయింది. నాలుగు క్లాసులూ మధ్యలో తీయకుండా పెట్టుకున్నాను, కణతలు నొప్పి లేదు. నడినెత్తి దగ్గర మాత్రం మూడో గంటకి కొంచెం వేడిగా, బరువుగా అనిపించింది. అమ్మ పాత నూలు చీర అంచుతో హెడ్‌బ్యాండ్‌కి తొడుగు కుడుతోంది, మధ్యలో పల్చగా దూది పెట్టి, ఉతకడానికి ఊడదీసేలా ప్రెస్ బటన్లతో. దూది ఎంత మందం పెట్టమంటారని అడుగుతోంది. తొడుగు మందమైతే డొప్పలు పైకి లేచి చెవి మధ్యలోంచి జరుగుతాయేమోనని ఆపాను. హెడ్‌బ్యాండ్ ఇంకో క్లిక్కు పొడిగిస్తే సరిపోతుందా, సోల్డర్ పొగ గారూ?


సోల్డర్ పొగ | శనివారం, ఉదయం 8:20

సరిపోతుంది. దూది నొక్కితే మీ చిటికెన వేలి మందం దాటకుండా చూడమనండి. రెండువైపులా ఒక్కో క్లిక్కు పొడిగించి, అద్దంలో చూసి చెవి ప్యాడ్ మధ్యలోనే ఉందో లేదో సరిచూసుకోండి. తర్వాత తంబురా పెట్టి మళ్లీ ఒకసారి వినండి.